పుల్లింగ్ లేదంటే ఇంజన్ మార్చడమేనా?

మొన్న మా వాళ్ళ పెళ్ళిలో బంతిలో కూర్చున్నాం. ఆకులో ఉప్పు, పచ్చడి పడ్డాయి, అన్నం ఇంకా రాలేదు. పక్కనున్న మా బావ అందుకున్నాడు. "ఏం బావా, ఆ ముసలి క్యాంపరుకి స్కార్పియో ఇంజన్ ఎక్కించేయరాదా? జనరేటర్ ట్రాలీని ఆడుతూ పాడుతూ లాగేస్తది." క్యాంపరంటే నా పాత బొలెరో బండి. ఎదురు వరసలో ఒక కుర్రాడు, ఎవరి తాలూకో తెలియదు, తలెత్తి "ఎమ్‌హాక్ అయితే ఇంకా మేలన్నా, 120 హార్స్ పవర్" అన్నాడు. అదీ స్కార్పియోలో వచ్చిన ఇంజనే. ఇక పప్పు నుంచి పెరుగు దాకా అదే మాట. నేను నవ్వి ఊరుకున్నాను. ఒప్పుకుని కాదు. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు విస్తరి ఎత్తేలోపు తెమిలేది కాదు. అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు. టైగర్ రకం రొయ్య పోయి వెనామీ రకం వచ్చాక గుంటలో వదిలే పిల్ల లెక్క పెరిగింది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు లేకుండా నెట్టుకొచ్చే రోజులు పోయాయి. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అసలే అడుగంటి ఉంటుంది. ఆ వేళ కరెంటు పోయిందంటే ఎంత తొందరగా జనరేటర్ మొదలైతే అంత పంట మిగులుతుంది. పెద్ద రైతులకి సొంత జనరేటర్లుంటాయి. రెండెకరాలు, మూడెకరాలు కౌలుకి చేసేవాళ్ళు నాలాంటి వాడికి ఫోను చేస్తారు. నా దగ్గర రెండు జనరేటర్లున్నాయి, ట్రాలీల మీద. వాటిని లాక్కెళ్ళి గట్టు మీద నిలబెట్టి రావడమే క్యాంపరు పని.

బండి 2007 మోడల్ బొలెరో క్యాంపర్. 2523 సీసీ డీఐ ఇంజన్, 63 హార్స్ పవర్. బోరు 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 101.6. పాత లెక్కలో చెప్పాలంటే మూడున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడుగు. ఇంత పొడుగు స్ట్రోకున్న ఇంజను పరుగెత్తడానికి పుట్టింది కాదు. ఉన్న 180 న్యూటన్ మీటర్ల టార్కూ, అంటే తిప్పే బలం, నిమిషానికి 1500 తిరుగుళ్ళ దగ్గరే చేతికిస్తుంది. ఆ పైన ఎంత తొక్కినా మోత పెరుగుతుందే గాని పని పెరగదు.

కాటాకి ఎక్కించి చూశాను. పెద్ద జనరేటర్ 1,400 కేజీలు, ట్రాలీ 300. బండి, నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు, డీజిల్ క్యాన్లు, కేబుల్ చుట్టలు కలిపితే 1,800. మొత్తం మూడున్నర టన్నులు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

పెళ్ళిలో ఆ కుర్రాడిని తప్పుపట్టను. కొన్నేళ్ళ కిందట నేనూ అదే మాట అనుకునేవాణ్ణి. ఇంజన్ మార్చేంత డబ్బు లేక పంపు పెంచాను, అంతే తేడా.

పంపు పెంచడమంటే తెలిసిందేగా. డీజిల్ పంపులో కంపెనీ వాళ్ళు ఒక గీత దగ్గర బిగించి సీలు వేసిన స్క్రూని తిప్పితే ఇంజన్లోకి డీజిల్ ఎక్కువ పడుతుంది. అరగంట పని. ఖర్చు ఒక బిరియానీ, రెండు టీలు. ఆ సాయంత్రం మైపాడు రోడ్డు మీద ట్రాలీ తగిలించుకుని తొక్కితే బండి ఎగిరి దూకింది. వెనక ఇంత నల్లపొగ. మా కుర్రాడు అద్దంలో చూసి "అన్నా, రైలింజన్!" అని అరిచాడు. ఇద్దరం మురిసిపోయాం.

ఆ నల్లపొగ ఏమిటో అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. గాలి చాలక పూర్తిగా కాలని డీజిల్ అది. పెట్రోల్ ఇంజన్ సంగతి వేరు, దాంట్లో పెట్రోల్ కొంచెం ఎక్కువైతే మంట చల్లబడుతుంది. డీజిల్లో మాత్రం గాలి ఉన్నంతే ఉండి డీజిల్ పెరిగేకొద్దీ లోపలి వేడి పెరుగుతూ పోతుంది. ఆ వేడికి ముందు పిస్టన్ తల, వాల్వులు, గాలిని నొక్కి ఇంజన్లోకి పంపే టర్బో బలవుతాయి. ఊళ్ళో తిరిగినంతసేపు ఈ సంగతి బయటపడదు. గట్టు నుంచి గట్టుకి నాలుగు కిలోమీటర్లు లాగి ఆపేస్తాం, ఆ కాసేపట్లో ఏ ఇనుమూ అంత కాగదు.

అది బయటపడింది రాపూరు ఘాట్లో.

చిట్వేలి అవతల అరటితోట వాళ్ళు నా పాత జనరేటరొకటి ట్రాలీతో సహా కొన్నారు. చేర్చే పూచీ నాది. రోహిణి కార్తె. తెల్లారి బయలుదేరుంటే సరిపోయేది, బ్యాంకు పని ఒకటి చూసుకుని బయలుదేరేసరికి పది దాటింది. రాపూరు దాటి వెలిగొండలు ఎక్కడం మొదలుపెట్టేటప్పటికి మిట్టమధ్యాహ్నం. మూడో గేరు పట్టలేదు, రెండులో వేశాను. పెంచిన పంపు కదా, బలం ఉంది. తొక్కితే వెళుతోంది. వెళుతోందని ఇంకా తొక్కాను. రెండో మలుపు తర్వాత కుర్రాడు "అన్నా, ముల్లు చూడు" అన్నాడు. వేడి ముల్లు ఎర్రగీతలో ఉంది.

ఆపి బానెట్ ఎత్తాం. రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టే ధైర్యం లేదు. చెట్టు నీడ కూడా లేని చోట ముప్పావుగంట నిలబడ్డాం. చల్లబడ్డాక నీళ్ళు పోసి మళ్ళీ కదిలాం. మళ్ళీ ఎర్రగీత, మళ్ళీ ఆగడం. మొత్తానికి పైకి చేరాం.

పైకి చేరగానే పీడ వదిలిందనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత తప్పో తర్వాత చెబుతాను. జనరేటర్ ఇచ్చేసి, ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు ఖాళీ బండితో తిరిగొస్తుంటే పొదలకూరు దగ్గర తెల్లపొగ మొదలైంది. హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ హెడ్డు కింద నీళ్ళు లోపలికి దిగకుండా ఆపే పట్టీ, పోయింది. నిమ్మకాయల మార్కెట్ నుంచి ఖాళీగా తిరిగెళుతున్న ట్రాక్టరాయన దయతలచి తాడు కట్టి లాక్కొచ్చాడు. బండ్లను లాగి పొట్టపోసుకునేవాణ్ణి, తాడు చివర స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

నెల్లూరు ఆటోనగర్లో మా మేస్త్రి హెడ్డు దించి మూడో పిస్టన్ తల నాకు చూపించాడు. నాజిల్ డీజిల్ చిమ్మే చోట అంచు, పురుగు కొరికిన ఆకులా ఉంది. అల్యూమినియం కరిగి చినుకులుగా పక్కన గడ్డకట్టింది. వేలు పెట్టి తడిమాను, గరగరలాడింది. మేస్త్రి ఏమీ తిట్టలేదు. ఆయన తిట్టే రకం కాదు. గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ, "ఇంజన్ బలం లేక పోలేదు సామీ, ఉన్న బలాన్ని చల్లార్చేది లేక పోయింది" అన్నాడు.

ఆ మాట అర్థమయింది రేడియేటర్ షాపులో. పై తొట్టి విప్పి చూస్తే గొట్టాల్లో మూడో వంతు తెల్లగా పూడిపోయి ఉన్నాయి. గోటితో గీకితే సున్నం రాలింది. సముద్రం పక్క ఊళ్ళ బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? ఇంట్లో అన్నం గిన్నెకే తెల్లచార కడతాయి. అవే నీళ్ళు కొన్నేళ్ళపాటు, చెంబుతో, తగ్గినప్పుడల్లా రేడియేటర్లో పోశాం. కూలెంట్ ఖర్చు దండగని పోశాం. నా బండికి పుల్లింగ్ లేదని నేను పంపు మీద పడ్డ రోజున దానికున్న అసలు జబ్బు అది.

ఇక్కడ చిన్న లెక్క. ఇంజన్లో కాలే డీజిల్ వేడిలో రమారమి మూడో వంతు చక్రాలకు పనిగా మారుతుంది, ఇంకో మూడో వంతు సైలెన్సర్లోంచి పోతుంది, మిగతాది నీళ్ళూ నూనే మోసుకెళ్ళి రేడియేటర్ దగ్గర గాలికి వదలాలి. రేడియేటర్ ఎంత వదలగలదనేది లోపలి నీటికీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఉంటుంది. నీళ్ళు 95 డిగ్రీలనుకోండి. డిసెంబరు పొద్దున గాలి 25 అయితే తేడా 70. రోహిణి కార్తెలో గాలి 45 అయితే తేడా 50 మాత్రమే. అంటే కొత్త రేడియేటరే అయినా ఎండాకాలం మధ్యాహ్నం దాని సత్తా నూటికి 70 పాళ్ళకి పడిపోయినట్టు. నాదానికి మూడో వంతు గొట్టాలే లేవు. ఘాట్లో రెండో గేరు, ఇంజన్ గిరగిరా తిరుగుతుంటుంది, బండి వేగం ఇరవై, ఎదురుగాలి లేదు. వీటన్నిటి మీద పంపు పెంచి వేడి ఇంకా పుట్టించాను. మూడో పిస్టన్ అంతసేపు నిలబడ్డమే గొప్ప.

ఇప్పుడు స్కార్పియో ఇంజన్ మాట. ఎమ్‌హాక్ 2179 సీసీ, 120 హార్స్ పవర్, 290 న్యూటన్ మీటర్లు. కాగితం మీద నా ఇంజన్‌కి రెట్టింపు బలం, టార్కు ఒకటిన్నర రెట్లకి పైనే. నాకు కావాల్సింది నిజంగా అదేనా అని ఆ మూడున్నర టన్నులు ముందు పెట్టుకుని చూశాను.

ఇరవై అడుగులు పోతే ఒక అడుగు లేచే ఎత్తు అనుకుందాం. మా వైపు ఏ ఫ్లైఓవర్ కన్నా అది నిటారే. 3,500 కేజీల్లో ఇరవయ్యో వంతు, 175 కేజీల లాగుడు ఎత్తుకి. తారురోడ్డు మీద చక్రాలు దొర్లడానికి నూటికి రెండు చొప్పున ఇంకో 70. మొత్తం 245 కేజీలు. గంటకి 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 8.3 మీటర్లు. హెచ్చవేసి, సెకనుకి 75 కేజీ-మీటర్లు ఒక హార్స్ పవర్ కాబట్టి 75తో భాగిస్తే 27 హార్స్ పవర్. గేర్‌బాక్సులో, వెనక ఇరుసు పళ్ళచక్రాల్లో (క్రౌన్ పీనియన్) పోయేది కలుపుకుని ఇంజన్ దగ్గర 33 అనుకోండి. నా ముసలిది ఇచ్చేది 63. సగం మిగిలుంది!

అదే ఎత్తు 60 వేగంతో ఎక్కాలంటే? చక్రాల దగ్గరే 54 కావాలి, గాలి ఎదురు వేరే, పోయేదంతా కలిపితే డెబ్బై దాటుతుంది. అక్కడ నా ఇంజన్ చేతులెత్తేస్తుంది, ఎమ్‌హాక్ నవ్వుతూ ఎక్కేస్తుంది. కాబట్టి "పుల్లింగ్ లేదు" అని మనం అనే మాటలో సగం సార్లు అసలు బాధ పుల్లింగ్ కాదు. వెనకాల లారీవాడు హారన్ కొడుతున్నాడు, మనకి నామోషీగా ఉంది. ట్రాలీ తగిలించుకుని ఘాట్లో అరవైలో ఎందుకెళ్ళాలో నాకు ఎవరూ చెప్పలేదు.

మా బావకి ఈ లెక్క పెళ్ళిలో చెప్పి ఉంటే "నీ లెక్కలు నువ్వే తిను" అనేవాడు. కానీ ఆయన భాషలోనే చెప్పొచ్చు. ఆయనది ఒంగోలు పక్క ఊరు, ఎడ్లంటే పిచ్చి. బండలాగుడు పందేలకి రెండు పళ్ళ విభాగం నుంచి సీనియర్స్ దాకా ఏ తిరునాళ్ళలో ఏ జత దిగుతోందో ఫోనులోనే చెప్పేస్తాడు. ఆయనతో కలిసి నేనూ నాలుగైదు పందేలు చూశాను. గెలిచేది మొదటి రౌండులో బండని ఎగరేసుకుంటూ ఉరికే జత కాదు. ఇచ్చిన నిమిషాలు అయిపోయేదాకా ఒకే అడుగు వేసే జత. ఉరికింది ఐదో నిమిషానికి నోట నురగతో నిలబడిపోతుంది. ఎన్ని అడుగుల దూరం లాగిందో టేపు పెట్టి కొలుస్తారే గాని, ఎంత జోరుగా కదిలిందో ఎవరూ కొలవరు. బావకి ఎద్దుల విషయంలో ఇది బాగా తెలుసు. బండి దగ్గరకొచ్చేసరికి ఎందుకు మర్చిపోతాడో.

సరే, చెబుతానన్న సంగతికొస్తాను. రాపూరు ఘాట్లో నాకు చెమట పట్టించింది ఎక్కుడు కాదు, దిగుడు.

పైన చల్లబరుచుకుని చిట్వేలి వైపు దిగుతున్నాం. ఎక్కేటప్పుడు ఇంజన్ని అంత బాధపెట్టాం కదా, ఇప్పుడు కాస్త ఊరట ఇద్దామని నాలుగో గేరులో వేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగాను. నాలుగు మలుపులు బాగానే ఉంది. ఐదో దాంట్లో బ్రేకు పెడల్ మెత్తబడింది. ఆరో దాంట్లో ఇంకా కిందికెళ్ళింది. కాలిన లైనింగు వాసన లోపలికి కొట్టింది. ట్రాలీకి బ్రేకుల్లేవు. మా వైపు జనరేటర్ ట్రాలీలకి ఎవడూ బ్రేకులు పెట్టించడు. ఆ 1,700 కేజీలు నా వీపు మీద చెయ్యి పెట్టి తోస్తున్నట్టుంది. హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ మూడుకి, మూడు నుంచి రెండుకి గేరు దించాను. దించినప్పుడు ఇంజన్ పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. కొండ వైపు ఒరిసి, మట్టి దిబ్బకి టైరు ఆనించి ఆపాను. కుర్రాడు దిగి వెనక చక్రం డ్రమ్ము మీద నీళ్ళు చల్లబోతే వద్దని అరిచాను, పగిలిపోతుందని. ఇద్దరం రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాం. చాలాసేపు మాటల్లేవు.

ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగుడులో ఆగకపోవడమే సమస్య. 120 హార్స్ పవర్ ఇంజన్ ఉండి ఉంటే ఆ దిగుడులో నాకు ఏం ఒరిగేది? ఇంకా తొందరగా పైకి చేరి, ఇంకా ధీమాగా దిగేవాణ్ణి.

బ్రేకులు చేసే పనంటే బండిలో ఉన్న వేగాన్ని వేడిగా మార్చి డ్రమ్ములకీ డిస్కులకీ ఎక్కించడం. బరువు రెట్టింపైతే ఆ వేడి రెట్టింపు, వేగం రెట్టింపైతే నాలుగింతలు. మూడున్నర టన్నులు 60 వేగంలో ఉన్నప్పుడు ఆపాల్సిన శక్తిని 100 అనుకుంటే, అదే బరువు 40 వేగంలో ఉంటే 44 చాలు. ట్రాలీ లేకుండా బండి ఒక్కటే 60లో పోతున్నప్పుడు ఆపాల్సింది 51. అంటే ట్రాలీతో నలభైలో పోయేవాడు, ట్రాలీ లేకుండా అరవైలో పోయేవాడికన్నా బ్రేకులకి తక్కువ కష్టం పెడుతున్నాడు. దిగుడులో మాత్రం ఈ లెక్కా చాలదు, అక్కడ కొండ ఇచ్చే శక్తిని మలుపు మలుపుకీ మింగుతూనే ఉండాలి. అది మింగగలిగింది చిన్న గేరులో ఉన్న ఇంజన్ ఒక్కటే. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలని పాత లారీ డ్రైవర్లు అనే మాట నాకు తెలియక కాదు. ముసలి ఇంజన్ మీద జాలిపడ్డాను. జాలి పడాల్సిన చోట పడక, పడకూడని చోట పడ్డాను.

తర్వాత ఇంజన్ మార్చడం గురించి కూడా సీరియస్‌గానే విచారించాను, లేదనను. ఆటోనగర్లో స్క్రాప్ కొట్లలో ఇంజన్ దొరుకుతుంది, అది కష్టం కాదు. ఇంజన్ ఒక్కటీ దొరికితే పని అయిపోదు, అదీ గొడవ. ఎమ్‌హాక్ లాంటి కామన్ రైల్ ఇంజన్‌కి కంప్యూటర్ పెట్టె, వైరింగు, సెన్సర్లు, దాని డీజిల్ పంపు అన్నీ వెంట రావాలి. వానాకాలం గుంట గట్ల మీద నడుంలోతు బురదలో తిరిగే బండికి, ఉప్పుగాలికి చాసిసే పొలుసులు లేస్తున్న చోట, ఆ వైరింగ్ ఎన్నాళ్ళుంటుంది? నివర్ తుఫానప్పుడు రోజుల తరబడి వాన, ఊళ్ళలో కరెంటు లేదు. నా బండి నీళ్ళలో నానుతూ తిరిగింది. దాంట్లో తడిస్తే చచ్చేది సెల్ఫ్ మోటారు ఒక్కటే, అదీ చస్తే తోసి స్టార్ట్ చేసుకుంటాం. సరే, వైరింగ్ సంగతి దేవుడికి వదిలేసినా, 180 టార్కు మోయడానికి చేసిన క్లచ్చు, గేర్‌బాక్సు, జాయింటు షాఫ్టు, క్రౌన్ పీనియన్ మీద 290 పెడితే వాటిలో ఏది ముందు విరుగుతుందనేదే ప్రశ్న. అవి కూడా మార్చుకుంటూ పోతే చివరికి నా బండిలో నాది మిగిలేది నంబర్ ప్లేటు.

ఆ నంబర్ ప్లేటుకీ తంటానే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి, మార్చాక ఆర్సీలో ఎక్కించుకోవాలి. అదే రకం ఇంజన్ అయితే ఒక దారి ఉంది. వేరే రకం, రెట్టింపు బలమున్నదంటే కథ అక్కడే ఆగుతుంది. అదే ఏడాది వచ్చిన సవరణతో, ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అదే ఎఫ్‌సీ. ఏటేటా తనిఖీకి బానెట్ ఎత్తాలి. జరిమానా సంగతి అటుంచితే, ఆర్సీలో లేని ఇంజన్తో ఎవరినైనా గుద్దిన రోజున ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఇంజన్ నంబరే. ట్రాలీకి కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మా వైపు చాలామందికి పట్టని విషయం. నేనూ ఆ మధ్య దాకా పట్టించుకోలేదు, ఇందులో నేను నీతులు చెప్పే స్థితిలో లేను.

చివరికి ఏం చేశానంటే, ఉన్న ఇంజన్నే మళ్ళీ మనిషిని చేశాను. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. హెడ్డు లేతు మీద పెట్టి సమం చేయించాం. నాజిళ్ళు నాలుగూ టెస్టింగ్ మీద పెట్టిస్తే రెండు చిమ్మడం లేదు, కారుతున్నాయి. పంపు మళ్ళీ కంపెనీ గీత దగ్గరికి తెచ్చి సీలు. రేడియేటర్ మాత్రం గొట్టాలు ఒక వరస ఎక్కువున్నది చేయించాను, ఫ్యాన్ చుట్టూ ఎప్పుడో విరిగిపోయిన గూడు కొత్తది బిగించాం. ఆ గూడు లేకపోతే ఫ్యాను ముందున్న గాలిని లాగకుండా పక్క గాలినే తిప్పుకుంటూ కూర్చుంటుంది. అది విరిగిందనే నాకు తెలియదు. ఇప్పుడు కూలెంట్ తప్ప చెంబు దగ్గరికి రానివ్వను.

టైర్ల సంగతి చెబితే నవ్వుతారు. కంపెనీ ఇచ్చింది 215/75, పదిహేను అంగుళాల రిమ్ము. చూడ్డానికి గంభీరంగా ఉంటాయని నేను 235/75 వేయించాను. చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరిగింది. అంటే ప్రతి గేరులోనూ నూటికి నాలుగు పాళ్ళ లాగుడు ఆ అందానికే పోయింది. పుల్లింగ్ కోసం పంపు పెంచినవాణ్ణి, పుల్లింగ్ తగ్గించే టైర్లకి డబ్బులు పోసి కొన్నాను. పాత సైజుకి మారితే మొదటి గేరులో గట్టు ఎక్కేటప్పుడు తేడా కాలికే తెలిసింది.

అన్నిటికన్నా ఎక్కువ మార్పు మాత్రం పైసా ఖర్చు లేకుండా వచ్చింది. ట్రాలీ యాభై దాటితే తోక ఊపేది. ఇంజన్ గుంజలేకపోవడం వల్ల అనుకునేవాణ్ణి, ఏం సంబంధమో! ఒకరోజు గుంటలో రొయ్యల పట్టుబడి జరుగుతున్న చోట, వాటిని తూచే కాటా ఖాళీగా ఉంటే, ట్రాలీ మూతి తెచ్చి దాని మీద ఆనించాను. 55 కేజీలు. లాగే బండి కొక్కెం మీద ట్రాలీ బరువులో పదో వంతు దాకా పడాలి, అంటే నాకు 170 పడాలి. పడేది అందులో మూడో వంతు. జనరేటర్ బోల్టులు విప్పి, గడ్డపారలేసి ముందుకి ఒక్క జానెడు జరిపాం. మళ్ళీ కాటా మీద పెడితే 160 చూపించింది. ఆ రోజు నుంచి తోక ఊపడం లేదు. ఆ జానెడు జరపడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో తలుచుకుంటే సిగ్గేస్తుంది. కాటా మనిషి అప్పుడప్పుడు ఇప్పటికీ అడుగుతాడు, "ఏందన్నా, ఇయ్యాల ట్రాలీ కౌంటెంత?" అని. కౌంటంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క.

ఇంజన్ మార్చడం ఎప్పుడూ తప్పే అనడం లేదు. రోజూ హైవే మీద ఒంగోలుకో కావలికో బరువు లాక్కుంటూ ఎనభైలో పోవాల్సిన వాడికి 63 హార్స్ పవర్ శిక్షే. అలాంటివాడు ఇంజన్ మార్చుకునే బదులు, ఆ బరువుకి తగ్గ బ్రేకులు, చాసిసు, గేర్‌బాక్సు కంపెనీ నుంచే వచ్చిన కొత్తరకం బండి కొనుక్కోవడం మేలు. పాతది అమ్మితే వచ్చేది, ఇంజన్ మార్పుకి అయ్యేది కలిపితే కొత్తదానికి మొదటి కంతు తేలిగ్గా వస్తుంది. ఇక షోకు కోసం, చేతిపని మీద ఇష్టంతో చేసేవాళ్ళుంటారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. ట్రాలీ మాత్రం తగిలించకండి.

ఇంటర్‌కూలర్ పెట్టించమని మేస్త్రి కొడుకు అంటున్నాడు. అది నాకూ నచ్చింది. టర్బో నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, దాన్ని చల్లబరిచి పంపితే అదే చోటులో ఎక్కువ గాలి పడుతుంది. పంపు జోలికి పోకుండా గాలి ఒక్కటే పెంచితే డీజిల్ శుభ్రంగా కాలుతుంది, పొగా తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. కానీ అదీ మార్పే కదా, కాగితాలకి ఇబ్బంది లేదని తేలేదాకా ఆగమన్నాను. వాడికి నా మాట రుచించలేదు. పెట్టిస్తే మళ్ళీ పంపు ఇంత తిప్పాలని వాడి మనసులో ఉంది, నాకు తెలుసు. నా మనసులోనూ ఉంది, అందుకే భయం.

దానికంటే ముందు ట్రాలీకి బ్రేకులు పెట్టించాలి. పాత జీపు ఇరుసు ఒకటి, డ్రమ్ములతో సహా, స్క్రాప్‌లో దొరికింది. ముందు బండి ఆగితే వెనక ట్రాలీ మూతి లోపలికి నొక్కుకుని, ఆ నొక్కుడుకి లివర్ లాగి దాని బ్రేకులు అదే పట్టేసే పద్ధతి. లేతు షాపులో మూతి గొట్టం కోయించడానికి కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళితే, మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ట్రాలీకి బ్రేకులేంది సామీ, మా సర్వీసులో ఎవురూ అడగలా" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "రాపూరు మీదుగా ఇంకోసారి పోతన్నారా ఏంది?" అన్నాడు.

పోవాలి. అరటితోట వాళ్ళు రెండో జనరేటర్ కూడా అడుగుతున్నారు.